వినేవాడి వంతు

బేగం బజార్‌లో ఇత్తడి, స్టీలు సామాన్ల హోల్‌సేల్ దుకాణంలో గుమాస్తాగా చేరాను. అక్కడే జుట్టు నెరిసింది. సొంతూరు పాలమూరు వైపు. పగలంతా బిందెలు, గంగాళాలు తూకం వేయించి లెక్క రాయడం, పొద్దుగూకి షట్టరు దించాక పాట ఎక్కడుంటే అక్కడికి పోవడం. మా గల్లీ నుంచి నడిచి పోగలిగినంత దూరంలోనే పాట దొరికే చోట్లు బోలెడు. తిలక్ రోడ్డులో 1943లో పుట్టిన సారస్వత పరిషత్తు, పబ్లిక్ గార్డెన్స్‌లో లలిత కళాతోరణం, తెలుగు విశ్వవిద్యాలయం హాలు, కాస్త అవతల రవీంద్రభారతి, బషీర్‌బాగ్‌లో ప్రెస్ క్లబ్. అమెరికాలో జానపద కవిగాయకులు కాఫీ క్లబ్బుల్లో పాడి పైకొచ్చారని చదివాను. మన దగ్గర ఆ జాతి మనుషులకు దక్కిన క్లబ్బు ప్రెస్ క్లబ్బే.

మా తమ్ముని కొడుకు గచ్చిబౌలిలో కొలువు చేస్తాడు. "పెద్దనాయినా, అవే పాటలు ఫోన్ల ఉన్నయి గదా, అంత దూరం పోయి వినుడెందుకు?" అన్నాడు ఒకనాడు. వెంటబెట్టుకుని పోయాను. తర్వాత వాడే, "నేనొక్కణ్ణే పోవాల్నంటే ఏం తెల్సుండాలె?" అని అడిగాడు. అప్పుడు వాడికి చెప్పినవీ, తర్వాత గుర్తొచ్చినవీ కలిపి రాస్తున్నాను. అంకెలు వేశాను గానీ, ఒకటో దానికంటే పదోది చిన్నదని కాదు.

1. సభకు పోతున్నాననుకుని పో.

మన కవిగాయకుడి పాటకు టికెట్ ఉండదు, పాట కోసమే పెట్టిన కార్యక్రమమూ తక్కువే. పుస్తకావిష్కరణ అయి ఉంటుంది, లేదా ఎవరిదో సంస్మరణ సభ, లేదా ఏదో సంఘం వార్షికోత్సవం. కరపత్రం మీద సాయంత్రం 6 గంటలని ఉంటుంది. ఏడుకు మైకు గరగరమంటుంది. వేదిక మీద తొమ్మిది కుర్చీలు, తొమ్మిది శాలువాలు. ఈ తొమ్మిదిమంది మాట్లాడటానికీ మధ్యలో పాట.

దీనికి చిరాకు పడకు, ఇది పుట్టుకతో వచ్చింది. 1972లో జన నాట్య మండలి మొదలైనప్పటి నుంచీ, ఆ తర్వాత అరుణోదయ, 2002లో కామారెడ్డిలో మొదలైన ధూంధాం దాకా, తెలంగాణలో పాట సభతోనే నడిచింది. ఉపన్యాసం కోసం జనాన్ని కూర్చోబెట్టడం పాట పని. కాలక్రమాన అది తిరగబడి, పాట కోసం జనం ఉపన్యాసాలు ఓర్చుకునే రోజులొచ్చాయి. అయినా ఒక్క మాట: ఎవరి పేరున ఆ సభ జరుగుతోందో తెలియకుండా పాట వింటే సగమే అందుతుంది. చనిపోయినవాడి భార్య రెండో వరుసలో ఉందని తెలిసి పాడే పాట వేరు.

ఈ పాటకు మనుషులు చెల్లించిన వెల కూడా గుర్తుండాలి. గద్దర్ మీద 1997 ఏప్రిల్‌లో కాల్పులు జరిగాయి. భువనగిరి గాయని బెల్లి లలితను 1999లో చంపేశారు. ఆ రోజుల్లో చిన్న హాళ్లలో వెనక గోడకు ఆనుకుని మఫ్టీ మనిషి ఒకడు తప్పకుండా నిలబడేవాడు. వాడి చెయ్యి కూడా జేబు మీద తాళం వేయడం నేను చూశాననే అనుకుంటాను.

2. డప్పు కాచేచోటికి ముందు పో.

హాల్లో కుర్చీ పట్టుకునే తొందరలో అందరూ మెట్లెక్కుతారు. నువ్వు భవనం వెనక్కి పో. అక్కడ స్కూటర్ల స్టాండు పక్కన పాత పేపర్లు, అట్టముక్కలు మంటపెట్టి డప్పు కాస్తుంటారు. చెక్క పలకకు బిగించిన తోలు, చెమ్మ తగిలితే వదులవుతుంది, సెగ తగిలితే బిగుస్తుంది. వానాకాలంలో అయితే రెండు పాటలకొకసారి బయటికొచ్చి కాచాల్సిందే. కుడిచేతి చిర్రతో ఒక దెబ్బ, ఎడమచేతి సిటికెన పుల్లతో ఒక చరుపు వేసి, చెవి దగ్గర పెట్టుకుని వింటారు. చాలలేదనుకుంటే మళ్లీ మంట మీదికి. ఆ పదినిమిషాలు చూస్తే లోపల మోగే ప్రతి దెబ్బా నీకు తెలిసిన మనిషిలా వినిపిస్తుంది.

ఈ మధ్య ఫైబర్ రేకు బిగించిన డప్పులొచ్చాయి. కాచే పని లేదు, వాన లెక్క లేదు. మంట పెడితే వాచ్‌మన్ ఒప్పుకోని హాళ్లకు అవే మేలు. మోత కూడా గట్టిగానే ఉంటుంది. నాకు మాత్రం అందులో అడుగుదెబ్బ వినిపించదు. ఇది ముసలి చెవి చాదస్తమని మా వాడంటాడు, అననీ.

3. కాళ్లు కనిపించేచోట కూర్చో.

మొదటి వరుస శాలువాలవాళ్లది. మధ్యలో కూర్చుంటే ముందున్నవాడి తల, వీడియో తీసేవాడి మోచెయ్యి అడ్డం. మూడో వరుసలో ఒక పక్కకు కూర్చుంటే మైకు స్టాండు దాటి కాళ్లు కనిపిస్తాయి. ఈ పాటల్లో తాళం చేతిలో కంటే కాలిలో ఎక్కువ.

గోరటి వెంకన్ననే తీసుకో. నాగర్‌కర్నూల్ జిల్లా గౌరారం మనిషి, 'వల్లంకి తాళం' పుస్తకానికి 2021 సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. అకాడమీ అవార్డంటే వేదిక మీద కుదురుగా కూర్చుని చదివే కవి అనుకుంటారు తెలియనివాళ్లు. ఆయన పాడితే ఒళ్లంతా పాడుతుంది. గజ్జె కట్టి ఒక అడుగు ముందుకు, రెండడుగులు పక్కకు, వాగు గురించి పాడుతూ వంగుతాడు, పిట్ట గురించి పాడుతూ భుజాలు విప్పుతాడు. పెద్ద మైదానంలో ఇదంతా చేతివేలంత బొమ్మ. చిన్న హాల్లో ఆ గజ్జె సవ్వడి మైకు లేకుండానే నీ దాకా వస్తుంది. నేను పాలమూరు వాణ్ణి కాబట్టి పొగుడుతున్నాననుకో, ఫర్వాలేదు.

ఆయన సంత మీద పాట కట్టాడు, పట్నంలో ఇరుకు గల్లీల్లో బతికే గరీబుల మీదా కట్టాడు. బేగం బజార్‌లో బతికేవాడికి ఈ రెండూ రోజూ కళ్లముందుండేవే. ఉస్మాన్‌గంజ్ మిర్చి ఘాటుకు తుమ్ముతూ మూట మోసే హమాలీలు మా వైపువాళ్లే ఎక్కువ. వాళ్లలో ఒకరిద్దర్ని సభకు తీసుకుపోయాను. సంత పాటకు వాళ్లు నవ్విన చోట్లు వేరు, చదువుకున్నవాళ్లు నవ్విన చోట్లు వేరు. ఏది సరైన చోటో పాడేవాడికి వెంటనే తెలిసిపోతుంది. ఆ తర్వాత ఆయన ఎటు తిరిగి పాడతాడో చూడు.

4. గజ్జె కొనడం ఒకసారి చూడు.

ఇది మా దుకాణం సంగతి. జిల్లాల నుంచి ఇమ్లీబన్‌లో బస్సు దిగి, అఫ్జల్‌గంజ్ మీదుగా మా బజారుకు కళాకారులు వచ్చేవాళ్లు. గజ్జెలు, తాళాలు, గంటలు కావాలి. మాకేమో ఇత్తడంటే తూకం, కిలోకింత. వాళ్లకది లెక్క కాదు. గజ్జెను రెండువేళ్లతో పట్టుకుని చెవి దగ్గర ఆడిస్తారు, పక్కన పెడతారు, ఇంకోటి. సంచి గుమ్మరించి గంటసేపు ఏరితే మా సేఠ్ చిరాకు పడేవాడు. "అన్నీ ఒకటే మాల్ కదా!" అనేవాడు. ఒకటి కావు. పోతపోసిన ఇత్తడి గుల్ల మందం, లోపలి ఇనుప గోళీ సైజు, చీలిక వెడల్పు... వీటిలో ఏది మారినా మోత మారుతుంది. ఒక పట్టీలో మొద్దు గజ్జె ఒక్కటి పడినా దెబ్బ చెదురుతుందని ఒకాయన నాకు ఆడించి చూపాడు. ఆ తర్వాత ఏ సభకు పోయినా ముందు నా చెవి కాళ్ల దగ్గరికే పోతుంది.

5. మైకువాడితో దోస్తీ చెయ్.

కోఠి గుజరాతీ గల్లీలో కొన్న ఆహుజా ఆంప్లిఫయర్, రెండు బాక్సులు, ఒక ఎకో మీట. మైకువాడికి ఆ ఎకో మీటంటే ప్రేమ. దాన్ని తిప్పాడా, మాటలన్నీ బావిలో పడతాయి. కవిగాయకుడి దగ్గర మాటే సొమ్ము. ఒక చాయ్ తాగించి, "తమ్మీ, ఎకో జర తగ్గియ్" అని మెల్లగా చెప్పు. నిర్వాహకులకు చెబితే ఒకరు ఇంకొకరికి చెబుతారు, అంతలో సభ అయిపోతుంది.

6. పాటకూ పాటకూ మధ్య లేవకు.

ఫోన్ చూసుకోవడానికి, సిగరెట్‌కు, బయట మిర్చిబజ్జీలకు జనం లేచేది అప్పుడే. పాడేవాడు చెమట తుడుచుకుని, నీళ్లు తాగి, ఏదో చెప్పడం మొదలుపెడతాడు. వాళ్ల అమ్మ మాట్లాడిన తీరో, ఊళ్లో కూలిపోయిన కుమ్మరి ఆవమో, ఎక్కడో బస్సులో విన్న తగువో. అది ఊసుపోక చెప్పే ముచ్చట కాదు, తర్వాతి పాటకు వేసే పునాది. కొందరైతే మాట ఎక్కడ ఆగి రాగం ఎక్కడ మొదలైందో తెలియనివ్వరు. ఒగ్గుకథ, శారదకథ వినిపెరిగిన నేల కదా, చెప్పడమూ పాడడమూ వేరు కాదు వాళ్లకు. రికార్డింగులో ముందు కత్తిరించేది ఈ మాటలనే. మా తమ్ముని కొడుక్కి ఫోన్లో దొరకనిది ఇదే.

అందెశ్రీ మాట్లాడితే ఈ సంగతి బాగా తెలిసేది. బడి మొహం చూడని మనిషి. గొర్రెలు కాశాడు, తాపీ పని చేశాడు. కాకతీయ విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. ఆయన పాట 2024 జూన్ 2న రాష్ట్ర గీతమైంది, ఆ మరుసటి ఏడు నవంబరులో ఆయన పోయాడు. ఇప్పుడు ఆ పాట బళ్లలో, ఆఫీసుల్లో కీరవాణి కట్టిన బాణీలో, పొట్టి రూపం ఒకటి, పూర్తి రూపం ఒకటిగా వినిపిస్తోంది. ప్రభుత్వ గీతానికి కొలత ఉండాలి, నిజమే. కానీ ఆయన చెయ్యెత్తి, మధ్యమధ్య ఆగి, కళ్లుమూసుకుని చెబుతూ పాడిన పాటకు కొలత ఉండేది కాదు.

7. వంత నీదే.

ఇది ఒక్కటి గుర్తుపెట్టుకుంటే మిగతావన్నీ మరిచిపోయినా నాకు బాధ లేదు.

బుర్రకథలో తంబూర మీటే కథకుడికి అటూ ఇటూ ఇద్దరు వంతలుంటారు. ఒకరు హాస్యం, ఒకరు రాజకీయం. కథకుడు ఒక మాట వదిలితే వాళ్లు అందుకుంటారు, ప్రశ్న వేస్తారు, ఎగతాళి చేస్తారు, గుమ్మెట మీద దెబ్బ వేసి మళ్లీ కథకుడి చేతికిస్తారు. 1986లో పద్మశ్రీ అందుకున్న షేక్ నాజర్ అంతటివాడి పక్కన కూడా వంతలు ఉండాల్సిందే. ఒగ్గుకథకుడి వెనకా మేళం ఉంటుంది. గొంగడి, గజ్జెలు, చేతికర్రతో గద్దర్ దిగితే వెనక దళం ఉండేది. చిన్న హాల్లో ఒంటరిగా నిలబడిన కవిగాయకుడికి ఎవరున్నారు? డప్పుకు ఒకరు, డోలక్‌కు ఒకరు, ఒక్కోసారి ఆ ఇద్దరూ లేరు. అందుకే ఆయన పల్లవి చివర గొంతు తగ్గించి మన వైపు చూస్తాడు. అది మర్యాదకు చూడటం కాదు, చేయి అందించమని చూడటం.

చదువుకున్నవాళ్లకు ఇక్కడే సిగ్గు. చప్పట్లు కొడతారు, నోరు విప్పరు. మొదటిసారి పల్లవి విను, రెండోసారి లోలోపల అను, మూడోసారికి గొంతు కలుపు. మాటలు పట్టుబడకపోతే చివరి సాగదీత ఒక్కటి పట్టుకున్నా చాలు. శ్రుతి తప్పితే మునిగిపోయేదేం లేదు, పదిమందిలో అది కలిసిపోతుంది. చెయ్యకూడనివి రెండున్నాయి. ఆయన కంటే ముందు పరుగెత్తకూడదు, చరణంలో దూరకూడదు. చరణం ఆయనది. అక్కడ ఊరికే ఉండటం కూడా వంతే.

ఒకసారి ఒక హాల్లో ముప్ఫైమందికి మించి లేము. పాడే ఆయన పల్లవి వదిలాడు, ఎవరూ ఎత్తుకోలేదు. మళ్లీ వదిలాడు. లేదు. మూడోసారి పాట ఆపి వేదిక దిగి వచ్చి, ముందు వరుసలో రిటైరైన పెద్ద ఆఫీసరు చెయ్యి పట్టుకుని, "సారూ, మీ ఊరి పేరేంది?" అన్నాడు. ఆయన చెప్పాడు. "ఆ ఊరి పొలాల్ల నాట్లేసేటోళ్లు అందుకోకుండ ఊకుండిరా ఎన్నడన్న?" అన్నాడు. ఆ తర్వాత ఆఫీసరు గొంతే అందరికంటే పెద్దగా వినిపించింది. రెండు లక్షలమంది మైదానంలో ఇది కుదరదు. అక్కడ ఎవరు పాడారో, ఎవరు పాడలేదో లెక్క తెలియదు. చిన్న హాల్లో దాక్కోవడానికి చోటు లేదు.

8. ఫోనుతో తీయాలంటే ఒక పాట తీసుకో, చాలు. రెండు చేతులూ ఫోనుకిస్తే తాళం ఎవరు వేస్తారు?

9. తెలుగు రానివాణ్ణి కూడా తీసుకుపో.

మా సేఠ్‌ది రాజస్థాన్, శేఖావటి ప్రాంతం. తెలుగు బేరం వరకు వచ్చు. ఒక సాయంత్రం బలవంతంగా వెంట తీసుకుపోయాను. ఉపన్యాసాలప్పుడు కునుకు తీశాడు. డప్పు మొదలుకాగానే నిటారుగా కూర్చున్నాడు. కాసేపటికి నా మోకాలి మీద తడుతూ, "అరే భాయ్, యే తో హమారా చంగ్ హై!" అన్నాడు. వాళ్లవైపు హోలీకి ఫాగ్ పాటలు పాడుతూ వాయించే గుండ్రటి వాయిద్యం చంగ్, అదీ చెక్క పలకకు తోలు బిగించి, చేతపట్టి కొట్టేదే. సభ అయ్యాక డప్పు కొట్టే పిల్లవాడి దగ్గరికి పోయి, అడిగి తీసుకుని, వాళ్ల ఊరి దరువు వేసి చూపించాడు. ఆ పిల్లవాడు రెండు ముక్కల్లో పట్టేశాడు. ఏళ్లతరబడి ఆ మనిషి దగ్గర లెక్కలు రాసినవాణ్ణి, ఆయన చేతిలో దరువుందని నాకు అంతవరకు తెలియదు. ఇద్దరూ మీటింగ్ హాలు వరండాలో అరగంట వాయించారు. ఆ రాత్రి అసలు కచేరీ అదే.

10. పాత పాట పాడమని అరవకు.

ప్రతి సభలో వెనకనుంచి ఒక కేక వస్తుంది, సినిమాలో వచ్చిన పాట పాడమని. పల్లె వృత్తులు చితికిపోవడం మీద గోరటి రాసినది 2002లో 'కుబుసం' సినిమాతో ఊరూరా తిరిగింది. 'ఒరేయ్ రిక్షా' సినిమా కోసం గద్దర్ రాసిన అన్నాచెల్లెళ్ల పాటకు నంది అవార్డు ప్రకటిస్తే ఆయన తీసుకోలేదు. సినిమా వల్ల పాట ఇంటింటికీ చేరింది, మంచిదే. దానితోపాటు బాణీ, చరణాల లెక్క గడ్డకట్టాయి. జనం అదే కొలతతో అడుగుతారు.

1990 ఫిబ్రవరిలో నిజాం కాలేజీ మైదానంలో గద్దర్ సభ జరిగింది. మా బజారు నుంచి కూతవేటు దూరం. రోడ్లన్నీ జనమే. అంత జనం ముందు కొత్త పాటను ఎవరూ పరీక్షకు పెట్టరు. అక్కడ వినిపించేది అప్పటికే వందచోట్ల అరిగి నునుపుదేలిన పాట. ఆ అరగడం చిన్నచోట్ల జరుగుతుంది. నలభైమంది ముందు కాగితం చూస్తూ కొత్త చరణం పాడతారు. ఎవరూ కదలకపోతే వచ్చే నెలకు ఆ చరణం ఉండదు. ఎవరైనా "వాహ్" అంటే అది చివరికి జరుగుతుంది. ఒక పాట నుంచి ఇట్లా చరణాలు రాలిపోవడం నేను ఏళ్లపాటు గమనించాను. రాలినవాటిలో ఒకటి నాకెంతో ఇష్టం. ఆ పాట పాడే ఆయనకు చెప్పాను. "నీకొక్కనికే నచ్చింది కాకా" అని నవ్వాడు. కాబట్టి కొత్త పాట వినిపిస్తే మొహం చిన్నబుచ్చుకోకు. నీ మొహం చూసే ఆయన రేపటి పాట దిద్దుకుంటాడు.

11. చేతిలో పెట్టు.

శాలువాతో బస్సు చార్జీ రాదు. గూడ అంజయ్య ఫార్మసిస్టు ఉద్యోగం చేస్తూ పాటలు కట్టాడు, గద్దర్ కొన్నాళ్లు కెనరా బ్యాంకులో పనిచేశాడు. అందరికీ అట్లాంటి కొలువు దొరకదు. నిర్వాహకులు చాలామంది మంచివాళ్లే, చేతిలో డబ్బు లేనివాళ్లు.

దీనికి మన నేలమీద పద్ధతి ఉంది. కథ చెప్పేచోట చదివింపులుండేవి. రూపాయి ఇచ్చినవాడి పేరు, ఊరు పాటలో కలిపి దీవించేవాళ్లు. నాంపల్లి యూసుఫైన్ దర్గాలో కవ్వాలీ విను. వినేవాడు లేచి వచ్చి వంగి నజరానా పెడతాడు, పాట ఆగదు, ఎవరూ చిన్నతనం అనుకోరు. 1960ల మొదట్లో న్యూయార్క్ గ్రీనిచ్ విలేజ్ కాఫీ హోటళ్లలో బాబ్ డిలాన్ లాంటి కుర్రాళ్లు పాడుతుంటే బల్లల మధ్య బుట్ట తిప్పేవాళ్లు, పడ్డ చిల్లరే వాళ్ల కూలి. మనం మాత్రం ఉచిత ప్రవేశం అని చదివి చప్పట్లతో సరిపెడతాం. పుస్తకం అమ్మితే పుస్తకం కొను. అమ్మకపోతే సభ అయ్యాక పక్కకు తీసుకుపోయి, నోటు మడిచి, రెండు చేతులతో ఇవ్వు. "దారి ఖర్చులకన్నా" అను. ఎంత అని అడిగాడు మా వాడు. నువ్వు సినిమాకు పోతే టికెట్‌కు, పాప్‌కార్న్‌కు ఎంత పెడతావో అంత అన్నాను. వాడు కొంచెం ఆలోచనలో పడ్డాడు.

12. పాట ఎక్కడుందో తెలుసుకునేదెట్లా?

పేపరు సిటీ పేజీలో "నగరంలో నేడు" చూడు. తెలుగు విశ్వవిద్యాలయం గేటు దగ్గరి గోడలు చూడు. ఒక సభకు పోతే అక్కడ కుర్చీల మీద వచ్చే వారం సభ కరపత్రం ఉంటుంది, అది జేబులో పెట్టుకో. ఫోన్ గ్రూపులు కూడా ఉన్నాయట, అది మా వాడు చూసుకుంటాడు.

ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల బజారు మరిచిపోకు. పలచటి పాటల పుస్తకాలు, జేబుసైజువి, సంఘాలు వేసినవి, అక్కడ దొరుకుతాయి. కొన్నిట్లో ఎవరో పెన్సిల్‌తో పల్లవి పక్కన గీతలు పెట్టి ఉంటారు, ఎక్కడ అందుకోవాలో. పొద్దున్నే పో. ఎండెక్కితే పోటీ పరీక్షల పుస్తకాల కోసం వచ్చే పిల్లలతో నిలబడే చోటుండదు. పాటల పుస్తకాలు ఎప్పుడూ కుప్పలో అడుగునే ఉంటాయి. తీసివ్వమంటే అమ్మేవాడు విసుక్కుంటాడు, నువ్వే కూర్చుని తీసుకో.